గెట్టు రాయి, ఆడబిడ్డ వాటా
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ సభలో జకాత్ గురించో, అనాథల పోషణ గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి దొంగతనం మీద మాట్లాడమని కమిటీ పెద్దలు చెప్పినప్పుడు కొందరు నవ్వారు. చందాలు ఇచ్చేవాళ్లను పిలిచి కూర్చోబెట్టి దొంగతనం గురించి చెప్పడమేమిటని ఒక పెద్దాయన అడిగారు కూడా. ఆయన అడిగిందాంట్లో తప్పు లేదు. దొంగ అనగానే మన కళ్లముందు నిలిచేది రాత్రిపూట తాళం పగలగొట్టేవాడు, బస్సులో జేబు కొట్టేవాడు. అలాంటివాళ్లు ఈ సభలో లేరు. కానీ ఇతరుల సొమ్ము మీద చెయ్యి వేయడానికి తాళం పగలగొట్టనక్కరలేని దారులు చాలా ఉన్నాయి. మన బొంగులూరులో అవి మరీ ఎక్కువ.

ముందుగా అందరూ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పి ముందుకు పోదాము. దివ్య ఖుర్ఆన్ ఐదవ సూరా 38వ ఆయతులో దొంగతనానికి చేతిని నరికే శిక్ష ఉంది. ఇస్లాం అనగానే చాలామందికి, మనలో కొందరికి కూడా, ఈ ఒక్క మాటే గుర్తొస్తుంది. ఆ శిక్ష వేసే అధికారం పాలకుడికి, న్యాయస్థానానికి తప్ప వ్యక్తులకు, సంఘాలకు, మసీదు కమిటీలకు లేదు. దానికి షరతులు కూడా పెద్దవే. సొమ్ము కనీసం ఇంత విలువ చేయాలని, భద్రపరచిన చోటు నుంచి రహస్యంగా తీసి ఉండాలని, సందేహం ఉంటే శిక్ష ఆగిపోవాలని ధర్మశాస్త్ర పండితులు వివరంగా రాశారు. హిజ్రీ 18వ సంవత్సరంలో (క్రీ.శ. 639) అరేబియాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఈ శిక్షను ఆపివేశారని చరిత్ర చెబుతోంది. హాతిబ్ (ర) అనే ఆయన దగ్గరి బానిసలు ఒకసారి ముజైనా తెగవాడి ఒంటెను దొంగిలించి కోసుకు తిన్నారు. యజమాని వాళ్లను ఆకలితో మాడుస్తున్నాడని ఉమర్ (ర)కు అనిపించింది. బానిసలను వదిలేసి, ఆ యజమాని చేతే ఒంటె విలువకు రెట్టింపు కట్టించారు. నాలుగు వందల దిర్హములకు అమ్మనన్న ఒంటెకు ఎనిమిది వందలు. ఆకలితో దొంగిలించినవాడి కంటే అతణ్ణి ఆకలికి వదిలేసినవాడిని ఆయన ముందుగా పట్టుకున్నారు. చందాదారులు ఈ సంగతిని ఖుర్ఆన్ ఆయతు పక్కనే గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన ఊరి సంగతికి వద్దాము.

ఔటర్ రింగ్ రోడ్డు మీద పన్నెండో ఎగ్జిట్‌కు మన ఊరి పేరే ఉంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మన దగ్గర నాగార్జునసాగర్ రోడ్డును దాటుతుంది. ఆ పక్కన ఆదిబట్ల, ఈ పక్కన ఇబ్రహీంపట్నం. రోడ్డు రాకముందు ఇక్కడ గెట్టు పంచాయితీ అంటే పక్క చేనువాడు నాగలి ఒక సాలు లోపలికి తిప్పాడని జరిగేది. ఊరి పెద్దమనిషి వచ్చి తాడు పట్టి కొలిస్తే సాయంత్రానికి తీరిపోయేది. ఇప్పుడు అదే ఒక్క సాలు వెడల్పు, చేను పొడవునా లెక్క కడితే, ఒక పేదింటి పిల్ల పెళ్లి ఖర్చంత అవుతుంది. ఎకరాలు పోయి గుంటలు వచ్చాయి, గుంటలు పోయి గజాలు వచ్చాయి. కడీలు రాత్రికి రాత్రే నడుస్తాయని మన దగ్గర సామెతలా అంటుంటారు.

మనం రోజూ వాడే నాలుగు మాటలు చూడండి. హక్కు, హద్దు, కబ్జా, వారసుడు. హిందువైనా ముసల్మానైనా రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద ఈ నాలుగు మాటలు అనకుండా ఉండలేరు. నాలుగూ అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల దారిలో తెలుగులోకి వచ్చి స్థిరపడ్డవే. ఖుర్ఆన్‌లో ‘హుదూద్’ అన్న మాట ‘హద్దు’కు బహువచనం. మనం గెట్టు మీద పాతే హద్దు రాయికీ, అల్లాహ్ గీసిన హద్దుకూ ఒకటే మాట. ఇది మాటల ఆట కోసం చెప్పడం లేదు. ఆ మాట ఖుర్ఆన్‌లో ఎక్కడ వస్తుందో కొద్దిసేపట్లో చెబుతాము.

భూమి హద్దు రాళ్లను మార్చేవాడు అల్లాహ్ శాపానికి గురవుతాడని మహాప్రవక్త (స) చెప్పినట్టు హజ్రత్ అలీ (ర) తెలిపిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. జానెడు నేలను అన్యాయంగా తీసుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల లోతు నుంచి ఆ ముక్క చుట్టబడుతుందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దాన్ని చెప్పిన సహాబీ సయీద్ బిన్ జైద్ (ర). ఆయన ఆ మాట ఏ సందర్భంలో చెప్పారో తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అర్వా అనే స్త్రీ తన భూమిలో కొంత ఆయన కలుపుకున్నారని మదీనా గవర్నరు మర్వాన్ దగ్గర ఫిర్యాదు చేసింది. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన మనిషి మీద కబ్జా కేసు! ప్రవక్త (స) నోట ఈ మాట విన్న తరువాత నేను ఆమె భూమి తీసుకుంటానా అని ఆయన అడిగారు. సాక్ష్యం అడగనక్కరలేదని మర్వాన్ అన్నాడు. అయినా సయీద్ (ర) ఆ భూమిని ఆమెకే వదిలేశారు. మన ఊళ్లో గెట్టు కేసులు తండ్రి వేస్తే మనవడు వాయిదాలకు తిరుగుతున్నాడు.

కోర్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కోర్టులో గెలిచాము, ఇక ఆ భూమి మాకు హలాల్ అని చాలామంది అనుకుంటారు. ఖుర్ఆన్ రెండవ సూరా 188వ ఆయతు ఒకరి సొమ్మును ఒకరు అన్యాయంగా తినవద్దని, అందుకోసం అధికారుల దగ్గరికి దాన్ని చేరవేయవద్దని హెచ్చరించింది. ఆస్తి తగాదాతో ఇద్దరు మనుషులు ప్రవక్త (స) దగ్గరికి వచ్చిన సంగతి హజ్రత్ ఉమ్మె సలమా (ర) చెప్పారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. తాను కూడా మనిషినేనని, ఒకడు రెండోవాడి కంటే బాగా వాదించవచ్చని, ఆ వాదన విని ఒకడి హక్కును ఇంకొకడికి ఇచ్చేస్తే అతనికి నిప్పు ముక్కను ఇచ్చినట్టేనని ప్రవక్త (స) అన్నారు. ఇద్దరూ ఏడ్చారు. నా వాటా నీదేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. ప్రవక్త (స) స్వయంగా చెప్పిన తీర్పే అబద్ధాన్ని హలాల్ చేయలేనప్పుడు, పాసుబుక్కు మీద పడిన పేరు చేస్తుందా? పోర్టల్ మారినప్పుడు పొరపాటున ఇంకొకరి గుంటలు మన ఖాతాలో పడి ఉండవచ్చు. కంప్యూటరు ఇచ్చింది కదా అని ఊరుకున్నవాడికీ ఇదే హదీసు వర్తిస్తుంది. అదృష్టం కలిసొచ్చిందని కొందరు బిర్యానీ కూడా వండిస్తారు!

దొంగతనానికీ కబ్జాకీ తేడా ఏమిటని ఒక యువకుడు అడిగాడు. ధర్మశాస్త్రంలో రహస్యంగా తీసేది ‘సర్ఖా’, బాహాటంగా బలంతో ఆక్రమించేది ‘గసబ్’. కబ్జాకు చేతి శిక్ష లేదన్నది నిజమే. అంతమాత్రాన అది చిన్న పాపం అనుకోవద్దు. తీసుకున్నది తిరిగి ఇచ్చేవరకు బాధ్యత తీరదు. దాని మీద వచ్చిన ఫలసాయం, అద్దె కూడా ఇవ్వాలని చాలామంది పండితుల అభిప్రాయం. నమాజు, రోజా, హజ్ చేసినంతలో ఇతరుల హక్కు మాఫీ కాదు. ఎంతో పుణ్యం మూటగట్టుకుని ప్రళయదినాన వచ్చి, ఒకరి సొమ్ము తిన్నందుకు, ఇంకొకరిని కొట్టినందుకు ఆ పుణ్యమంతా వాళ్లకు పంచి ఇచ్చి, చివరికి వాళ్ల పాపాలు నెత్తిన వేసుకున్నవాడే అసలైన దివాలాకోరు అని ప్రవక్త (స) వివరించారు.

ఇది ముసల్మానుల సొమ్ముకు మాత్రమే అనుకునేవారు ఉంటే, క్రీ.శ. 622లో హిజ్రత్ రాత్రి ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. మక్కా ఖురైషులు ప్రవక్త (స)ను చంపడానికి ఇంటి చుట్టూ కాపు కాశారు. అదే మక్కావాళ్లు తమ విలువైన వస్తువులు దాచుకున్నది కూడా ఆయన దగ్గరే. ఆ అమానతులన్నీ ఎవరివి వారికి అప్పజెప్పి రమ్మని హజ్రత్ అలీ (ర)ను ఆ ప్రమాదంలో వెనక ఉంచి వెళ్లారు. చంపడానికి వచ్చినవాడి సొమ్ము కూడా వాడికి చేరాలి. అలాంటప్పుడు తరతరాలుగా పక్క చేనులో మనతో కలిసి దున్నుకున్న రైతు గెట్టు సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. మన బస్తీలలో, ఈ సభలో కూర్చున్న కుటుంబాలలో కూడా జరుగుతున్నది ఇది. బయటివాడి భూమి జోలికి పోని మనిషి, ఐదు పూటలా నమాజు చదివే మనిషి, సొంత అక్కచెల్లెళ్ల వాటా నిశ్చింతగా తినేస్తున్నాడు.

ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (ర) అమరుడయ్యాడు. అప్పటి ఆచారం ప్రకారం ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసుకున్నాడు. భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, సొమ్ము లేకుండా ఈ పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకుంది. అల్లాహ్ దీనికి తీర్పు ఇస్తాడని ఆయన చెప్పి పంపారు. తరువాత నాలుగవ సూరాలో వారసత్వపు ఆయతులు వచ్చాయి. ప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, ఆడపిల్లలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకోమన్నారు. మొత్తం తనదే అనుకున్నవాడికి ఇరవై నాలుగు వంతులలో ఐదు మిగిలాయి. ఈ వాటాలు చెప్పి ముగించిన వెంటనే, 13, 14 ఆయతులలో, ఇవి అల్లాహ్ హద్దులని, వాటిని మీరేవాడికి నరకాగ్ని ఉందని ఖుర్ఆన్ అంటుంది. ఇందాక ఆపిన మాట ఇదే. ‘హుదూద్’ అన్న మాట ఇక్కడ చెల్లెలి వాటా పక్కన వచ్చింది.

మన లెక్కలో చూద్దాము. ఒక తండ్రి 4 ఎకరాల 32 గుంటలు వదిలి చనిపోయాడు, అంటే 192 గుంటలు. అప్పులు, వసీయతు ఏమీ లేవు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు 24 గుంటలు. మిగిలిన 168లో కొడుకు వాటా కూతురికి రెట్టింపు కాబట్టి, ఒక్కో కొడుకుకు 56, ఒక్కో కూతురికి 28. ఐదో తరగతి పిల్లవాడు చేసే లెక్క ఇది. ఖుర్ఆన్‌లో నమాజు రకాతుల సంఖ్య కూడా చెప్పలేదు, ఈ వాటాలను మాత్రం అంకెలతో చెప్పింది. మరి రిజిస్ట్రేషన్ రోజున ఏం జరుగుతోంది? వెంచర్‌వాళ్లు ఇంట్లో అందరి సంతకాలు కావాలంటారు. అప్పుడు గుర్తొస్తారు అక్కచెల్లెళ్లు. కారు పంపి పిలిపిస్తారు. చీర పెడతారు, గాజులు పెడతారు, చేతిలో కొంత డబ్బు పెడతారు. కాగితం మీద ఏముందో చదివి వినిపించేవాడు ఉండడు. ఆమె వేలిముద్ర వేస్తుంది. వేయకపోతే పుట్టింటి గడప మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. రేపు కూతురి పెళ్లికి మేనమామ రాకపోతే ఎలా అని ఆమె భయం. మా చెల్లెలు సంతోషంగా ఇచ్చేసిందని ఆ అన్నే తరువాత నలుగురిలో చెబుతాడు.

మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప ఒకరి సొమ్ము ఇంకొకరికి హలాల్ కాదని హదీసు. సంతోషంగా ఇచ్చిందో లేదో తెలుసుకోవడానికి మార్గం సులభమే. ముందు ఆమె వాటాను ఆమె పేరున చేయాలి. ఆ సొమ్ము ఆమె చేతిలో ఒక సంవత్సరం ఉండాలి. అప్పటికీ అన్నకు ఇవ్వాలనిపిస్తే ఇస్తుంది. ‘పెళ్లికి జహేజ్ ఇచ్చాము కదా’ అనేవారు ఒకటి చెప్పాలి. తండ్రి బతికుండగా ఇష్టపడి ఇచ్చిన దానిని ఆయన చనిపోయాక వాటాలోంచి తీసివేయమని ఏ ఆయతు చెబుతోంది? కొడుకు చదువుకు, దుబాయి వీసాకు పెట్టిన ఖర్చు ఎవరైనా అతని వాటాలోంచి తీశారా?

పోయిన రమజానుకు ముందు ఒక సోదరుడు మన సంఘం ఆఫీసుకు వచ్చారు. పేరు, ఊరు చెప్పము. భూమి అమ్మిన డబ్బులోంచి కుట్టు శిక్షణ కేంద్రం మీద స్లాబు వేయడానికయ్యే మొత్తమంతా తానే ఇస్తానన్నారు. మాకు ఎంత సంతోషమైందో చెప్పలేము. మాటల్లో మాటగా, భూమి తండ్రి గారిదని, ముగ్గురు చెల్లెళ్లు ఉన్నారని, వాళ్లకు ‘చూసుకున్నామని’ చెప్పారు. ఏమి చూసుకున్నారని అడిగితే, తలా ఒక తులం బంగారమన్నారు. ఆ రోజు కమిటీలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. మనం పోలీసులం కాదు, ఇచ్చింది తీసుకుందాము, పిల్లలకు పనికొస్తుంది కదా అని కొందరన్నారు. ఆ మాటలో బలం లేకపోలేదు. ఆ రేకుల కింద ఎండాకాలంలో ఆడపిల్లలు కుట్టు మిషన్ల ముందు ఎలా కూర్చుంటున్నారో మనందరికీ తెలుసు. చివరికి, ముందు చెల్లెళ్ల వాటా తేల్చండి, తరువాత మీ వాటాలోంచి ఎంత ఇచ్చినా కళ్లకద్దుకుంటామని ఆయనకు మర్యాదగానే చెప్పాము. ఆయన కోపంగా లేచి వెళ్లారు. ఆ డబ్బు ఇంకో చోట ఇచ్చారని విన్నాము. స్లాబు ఇంకా పడలేదు. రేకులు అలాగే ఉన్నాయి.

ఆ నిర్ణయం సరైనదేనా అని ఈ సంవత్సరమంతా చాలామంది మమ్మల్ని అడిగారు. మా జవాబుగా రెండు సంగతులు చెబుతాము. మొదటిది ముగీరా బిన్ షుఅబా (ర) గురించి. ఇస్లాంకు ముందు ఆయన కొందరితో ప్రయాణం చేస్తూ వాళ్లను చంపి, సొమ్ము తీసుకుని వచ్చి ముస్లిం అయ్యారు. ప్రవక్త (స) ఆయన ఇస్లాంను స్వీకరించారు గానీ, ఆ సొమ్ముతో తనకు సంబంధం లేదని చెప్పేశారు. అప్పటి ముస్లింలకు డబ్బు అవసరం మనకంటే తక్కువేమీ కాదు. రెండోది మదీనాలో మసీదె నబవీ కట్టిన స్థలం. అది సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వాళ్లు ఉచితంగా ఇస్తామన్నారు. ప్రవక్త (స) ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారు. అనాథల సొమ్ము అయితే మసీదు కోసమైనా ఉచితంగా వద్దన్నారు. అక్రమంగా వచ్చిన దాంట్లోంచి చేసే సదఖా స్వీకరించబడదని హదీసు స్పష్టంగా చెబుతోంది. అసలు యజమాని ఎవరో ఎంత వెతికినా తెలియనప్పుడు, పుణ్యం ఆశించకుండా ఆ సొమ్మును పేదలకు ఇచ్చి వదిలించుకోవచ్చని పండితులు చెప్పారు. ఇక్కడ యజమానులు తెలియకపోవడమేమిటి? ముగ్గురూ ఇక్కడికి గంట ప్రయాణంలోనే ఉన్నారు.

చందాదారులను ప్రశ్నించేవాళ్లు ముందు తమ సంగతి చూసుకోవాలి. ఖైబర్ యుద్ధంలో ఒకతను చనిపోతే అందరూ షహీద్ అని మెచ్చుకున్నారు. పంపకానికి ముందు అందరి సొమ్ములోంచి అతను తీసుకున్న ఒక దుప్పటి అతని మీద అగ్నిగా మండుతోందని ప్రవక్త (స) చెప్పారు. అది విని ఇంకొకతను గబగబా వెళ్లి, తాను తీసుకున్న చెప్పు వారు ఒకటో రెండో తెచ్చి ముందు పెట్టాడు. సంఘం డబ్బుతో కొన్న పెన్ను, సంఘం పేరున బుక్ చేసిన ఆటో, సంఘం ఫోను, ఇవన్నీ ఆ చెప్పు వారు లాంటివే. అందుకే ఈ సంచికలో వెనక పేజీలలో రూపాయి రూపాయి లెక్క ఇచ్చాము. దయచేసి చదవండి. అనుమానముంటే అడగండి. అడిగితే మాకు కోపం రాదు.

వక్ఫ్ గురించి కూడా ఒక మాట. మన జిల్లాలోనే మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరున 1654 ఎకరాల కేసు చాలా ఏళ్లు నడిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద వ్యాఖ్యానించడం మన పని కాదు. కానీ ఏది వక్ఫ్, ఏది కాదు అన్న తగాదాలో చివరికి నిలబడేది కాగితమేనని అందరికీ అర్థమైంది. వక్ఫ్ భూమి మీద బయటివాళ్ల కబ్జాల గురించి మనం గట్టిగా మాట్లాడతాము, మాట్లాడాలి కూడా. ఖబ్రస్తాన్ గోడ లోపల ఇటుకలు పేర్చి దుకాణం తెరిచినవాడు మనవాడైనప్పుడు మాత్రం గొంతు తగ్గుతుంది. మఖ్‌జూమ్ తెగకు చెందిన పెద్దింటి స్త్రీ దొంగతనం చేస్తే, ఆమె తరఫున సిఫారసు చేయడానికి ఉసామా (ర) అంతటి ప్రియమైనవాణ్ణి పంపారు. ప్రవక్త (స) ముఖం ఎర్రబడింది. గొప్పవాణ్ణి వదిలి బలహీనుణ్ణి శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నశించాయని, తన కూతురు ఫాతిమా (ర) అయినా ఒకటే న్యాయమని అన్నారు. మన సభల్లో ముందు వరుస కుర్చీలు ఎవరికి వేస్తున్నామో ఒకసారి చూసుకుందాము.

ఈ సంవత్సరం నుంచి కమిటీ కొన్ని ఏర్పాట్లు చేసింది. భూమి గానీ, భూమి అమ్మిన పెద్ద మొత్తం గానీ సంఘానికి ఇవ్వాలనుకునేవారు, అది తండ్రి తాతల ఆస్తి అయితే, వారసులందరి పేర్లు రాసిన కాగితం వెంట తీసుకురావాలి. అందులో ఆడవాళ్ల పేర్లు తప్పక ఉండాలి, వాళ్లతో మన మహిళా విభాగం అక్కయ్యలు విడిగా మాట్లాడతారు. వాటాల లెక్క తెలియనివారికి ఉచితంగా రాసి ఇవ్వడానికి ఒక ఆలిమ్, ఒక రిటైర్డ్ సర్వేయర్ ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత ఆఫీసులో కూర్చుంటారు. గెట్టు తగాదా ఉన్న ఇద్దరూ ఒప్పుకుంటే ఆ సర్వేయరే వచ్చి కొలుస్తారు. ఏ మతం వారైనా రావచ్చు, రుసుము లేదు. గొలుసు, టేపు మన దగ్గర ఉన్నాయి. వచ్చేవాళ్లు పాత పహాణీ నకలు, పాసుబుక్కు తెచ్చుకుంటే చాలు.